కొత్తవాడ జంపఖానా కొలత

వరంగల్ వెళ్లినప్పుడు, మా హాలుకి జంపఖానా నేయించుకుందామని కొత్తవాడలో ఒక నేతగాడి ఇంటికి వెళ్లాను. మూడు వందల అరవై ఆరు సెంటీమీటర్ల పొడవు, రెండు వందల డెబ్బై నాలుగు వెడల్పు అని రాసుకెళ్లిన కాగితం ఇచ్చాను. మగ్గం మీదున్న పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "జర అడుగులల్ల చెప్పు సారూ" అన్నాడు.

కాకినాడలో సైన్సు పాఠాలు చెప్పేవాణ్ణి, ఊరుకుంటానా? పన్నెండు అంగుళాలకో అడుగు, మూడు అడుగులకో గజం, శుభ్రంగా పదులతో నడిచే మీటరుండగా ఇదేం లెక్కని క్లాసు తీసుకున్నాను.

రాట్నం దగ్గర కండెలు చుడుతున్న ఆయన భార్య తలెత్తింది. "ఇయ్యాల ఎండ ఎంతున్నది సారూ?"

"నలభై రెండు డిగ్రీలమ్మా."

"మొన్న నా మనుమరాలికి జెరమొస్తే దవాఖానల నూటరెండు అన్నరు. గింత ఎండకన్న పోరి పెయ్యి వేడా?"

"అది వేరమ్మా, జ్వరాన్ని ఫారెన్‌హీట్‌లో..." అంటూ మధ్యలో ఆగిపోయాను. మా ఇంట్లో నేను జ్వరం చూసేదీ అలాగే.

పెద్దాయన టేపు నా చేతికిచ్చాడు. సెంటీమీటర్ల వైపు అంకెలు కొత్తగా ఉన్నాయి. అడుగుల వైపు అంకెలు వేళ్లు రాసుకుని సగం చెరిగిపోయాయి.

"పన్నెండు, తొమ్మిది" అన్నాను మెల్లగా.

"అడుగులా, డిగ్రీలా సారూ?" అందామె.