కార్మెన్ మాత బండి, నికనోర్ కడుపుమంట

నికనోర్ మంచివాడే. ఆ ముక్క ముందే చెప్పి పెట్టుకోవాలి, తరువాత చెబితే ఎవరూ నమ్మరు. సినూ నది ఒడ్డున పుయెర్తో ఎలియాస్ అనే మా ఊళ్ళో అతను ముప్పయ్యేళ్ళుగా మోటారుసైకిళ్ళు బాగుచేస్తున్నాడు. మా ఊళ్ళో మనిషిని ఎక్కించుకుని తిప్పే బాడుగ బండ్లు ఎన్ని ఉన్నాయో, వాటిని పాడుచేసుకునే డ్రైవర్లూ అంతమంది ఉన్నారు. ఇంజను అడుగున పాత ఆయిలు దించే బోల్టు ఒకటి ఉంటుంది. బోల్టు ఉక్కుది, ఇంజను మెత్తటి అల్యూమినియంది. మావాళ్ళకి ఎంత బిగించినా తృప్తి ఉండదు. స్పానరుకి ఇనుప గొట్టం తొడిగి, దాని మీద కాలు పెట్టి మరీ బిగిస్తారు. అలా నాలుగుసార్లు బిగించేసరికి లోపలి మరచుట్లు, అదే థ్రెడ్డు, తెగిపోయి బోల్టు ఊరికే గిరగిరా తిరుగుతుంది, ఆయిలు కారుతుంది. అప్పుడు మొహాలు వేలాడేసుకుని నికనోర్ దగ్గరికి వస్తారు. అతను రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి, చేత్తో కొత్త థ్రెడ్డు కోసి, దానికి సరిపడే లావు బోల్టు బిగించి పంపుతాడు.

అతనికి అసలు సంపాదన ఆ పని కాదు, జూలై పదహారు. ఆ రోజు డ్రైవర్ల తల్లి కార్మెన్ మాత పండగ. బండ్లన్నీ కడిగి, రిబ్బన్లూ బుడగలూ కట్టి, హారన్లు మోగించుకుంటూ ఊరంతా తిరిగి చర్చికి వెళతాయి. అన్నిటికంటే ముందు డ్రైవర్ల పెద్ద ఒబ్దూలియో బండి. దాని వెనక సీట్లో, మాత విగ్రహాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఆ బండిని సిద్ధం చేసిన మెకానిక్ కూర్చుంటాడు. పందొమ్మిదేళ్ళుగా ఆ ఒడి నికనోర్‌దే. మిగతా మూడువందల అరవైనాలుగు రోజులూ అతను ఆ ఒక్కరోజు కోసమే ఒళ్ళు వంచేవాడంటే అబద్ధం కాదు.

రెండేళ్ళ కిందట బరాంకియా పట్నం నుంచి ఎదెర్ అనేవాడు వచ్చి సరిగ్గా ఎదురుగా షెడ్డు వేశాడు. ముప్పయ్యైదేళ్ళవాడు, మాట మెత్తన. నికనోర్‌కి వాడి మాట గిట్టలేదు, వాడి శుభ్రమైన చొక్కా గిట్టలేదు, పనిముట్లు గోడకి వరసగా తగిలించుకోవడం అసలే గిట్టలేదు. గిరాకీ కొద్దికొద్దిగా అటు జరిగింది. నికనోర్ భార్య ఎదిల్మా షెడ్డు ముందు బల్ల వేసుకుని గుడ్డు పెట్టిన అరేపాలు, అంటే మొక్కజొన్న రొట్టెలు, వేయించి అమ్ముతుంది. తినేవాళ్ళు ఎక్కడుంటే బల్ల అక్కడుండాలి గనుక, ఒక సోమవారం ఆవిడ బల్ల కూడా రోడ్డు దాటింది. నికనోర్ మూడురోజులు ఆవిడతో మాట్లాడలేదు. నాలుగోరోజు ఆకలేసి మాట్లాడాడు.

ఈ ఏడు మే నెలలో ఒబ్దూలియో బండికి మళ్ళీ ఆయిలు కారింది. ఆ రంధ్రాన్ని నికనోర్ అప్పటికే రెండుసార్లు పెద్దది చేశాడు. మూడోసారి చేయడానికి లోహం మిగల్లేదు. ఇంజను సగం కొత్తది వేసుకోవాల్సిందేనని తేల్చి చెప్పాడు. ఒబ్దూలియో బండిని రోడ్డు దాటించాడు. ఎదెర్ లోపలా బయటా థ్రెడ్డు ఉన్న ఉక్కు తొడుగు ఒకటి తెచ్చి ఆ పెద్ద రంధ్రంలో బిగించాడు. తొడుగు లోపల కంపెనీనుంచి వచ్చిన అసలు సైజు బోల్టే సరిపోయింది. పదకొండేళ్ళ బండికి మొదటిరోజు బోల్టు. ఆ సాయంత్రమే ఒబ్దూలియో వచ్చి, ఈసారి మాతని ఎదెర్ పట్టుకుంటాడని, ఏమీ అనుకోవద్దని చెప్పాడు. నికనోర్ ఏమీ అనుకోలేదన్నాడు. ఆ రెండు నెలలూ అతను అనుకున్నవి రాస్తే కాగితం కాలిపోతుంది.

పండగనాడు పొద్దున్నే బండ్లన్నీ మార్కెట్ పక్కన చేరాయి. ఎదెర్ ఇంకా రాలేదు. నికనోర్ స్పానరు పట్టుకుని వచ్చి, అలవాటు కదా, ఒకసారి బోల్టు చూసిపోతానన్నాడు. ఎవరూ కాదనలేదు. పడుకుని బండి కిందికి దూరాడు. చూడటానికి వచ్చినవాడికి గొట్టంతో పనేమిటి? నికనోర్ ఆ రోజు గొట్టం కూడా తెచ్చుకున్నాడు. జన్మలో ఒక్కసారి కూడా చేయని పని, డ్రైవర్లని బూతులు తిట్టి మాన్పించాలని చూసిన పని, తనే చేశాడు. స్పానరుకి గొట్టం తొడిగి, పళ్ళు బిగించి లాగాడు. ఆ తొడుగు ఊడి రావాలి, అందరి ముందూ రావాలి. తొడుగు కదల్లేదు. ఇంకా లాగాడు. టక్కుమని బోల్టు తల తెగి అతని గుండెల మీద పడింది. మొండెం లోపలే ఉండిపోయింది.

ఆయిలు బొట్టుబొట్టుగా కారడం చూసి జనం గోల పెట్టారు. బరాంకియా పని ఇంతేనని ఒకడు, పండగపూట ఇదేం అపశకునమని ఒకడు. ఎదెర్ వచ్చి, తెగిన బోల్టు తలని అరచేతిలో పెట్టుకుని చూశాడు. మెడ దగ్గర ఉక్కు మెలితిరిగి సాగి ఉంది. తర్వాత నేలమీద పడి ఉన్న గొట్టం చూశాడు. 

ఒబ్దూలియో మాత్రం నికనోర్ భుజం తట్టాడు.

"ఆ ముక్క బయటికి తియ్యి మేస్త్రీ. తీస్తే ఈ ఏడు కూడా తల్లి నీ ఒళ్ళోనే."

నికనోర్ సన్నటి ఉలి తీసుకుని మళ్ళీ కిందికి దూరాడు. ముక్క అంచుమీద ఉలి ఆనించి, ఎదురు దిక్కుకి తిరిగేలా, చిన్నపిల్లని నిద్రలేపినట్టు మెల్లగా తట్టాడు. అరగంట పట్టింది. ఆయిలు మోచేతుల దాకా కారింది. చివరికి ముక్క వేళ్ళకి అంది, ఒక్కో చుట్టే తిరుగుతూ బయటికి వచ్చింది. డ్రైవర్లు హారన్లు మోగించారు.

ఎదెర్ మోకాళ్ళ మీద కూర్చుని తొంగిచూశాడు.

"లోపల థ్రెడ్డు ఎలా ఉంది మేస్త్రీ?"

ఇక్కడ నికనోర్ ఒక్కమాట అంటే చాలు. పోయిందంటే పోయినట్టే, అతని మాటకి ఎదురు లేదు. ఎదెర్ షెడ్డు ఎత్తుకుని పోవాల్సిందే. వేలు రంధ్రంలో పెట్టాడు. ఒక్కొక్క గాడీ పదునుగా, కొత్తగా తగిలింది. భార్య వయసు గురించీ, తను పట్టిన చేప పొడుగు గురించీ నికనోర్ ఎన్ని అబద్ధాలైనా ఆడాడు. థ్రెడ్డు గురించి ఒక్కటీ ఆడలేదు. ఇప్పుడు ఆడదామని గట్టిగానే ప్రయత్నించాడు.

"థ్రెడ్డుకేం కాలేదు. బోల్టు నేనే తెంపాను. నీ పని ఊడగొడదామని తెంపాను. ఊడలేదు."

ఎవరో నవ్వారు. ఒబ్దూలియో మొహం ఎర్రబడింది. ఎదెర్ జేబులోంచి కొత్త బోల్టు తీసి, చేత్తో తిప్పి, స్పానరుతో కాస్త బిగించి వదిలేశాడు. గొట్టం లేదు, కాలు లేదు. ఆయిలు పోసి, చేతులు తుడుచుకుని, మాత విగ్రహాన్ని ఎత్తి నికనోర్‌కి అందించాడు.

"మీరే పట్టుకోండి. తల్లిని పట్టుకోవడం నాకు చేతకాదు, భయం."

భయమో, దయో. దయ అనుకున్నప్పుడు నికనోర్‌కి ఒళ్ళు ఇంకా మండింది. కాదని విసిరికొట్టి వెళ్ళిపోవాలనుకున్నాడు. చేతులు మాత్రం చాచే ఉన్నాయి.

ఊరంతా తిరిగినంతసేపూ జనం మాతని చూసి దండాలు పెట్టారు. మాతని పట్టుకున్నవాడు మాత్రం మెడ వంచి ఇంజను కిందికే చూశాడు. నదిగట్టు మీది గుంటల్లో బండి ఎగిరిపడ్డప్పుడల్లా ఒక్క చుక్క కోసం చూశాడు. ఒబ్దూలియో కావాలనే గట్టిగా ఆక్సిలరేటర్ తిప్పాడు. చర్చి మెట్ల దగ్గర బండి ఆగింది. నికనోర్ విగ్రహాన్ని గుండెకి హత్తుకుని మోకాళ్ళమీద కూలబడి, ఇంజను అడుగుకి వేలు రాసి చూసుకున్నాడు. వేలు పొడిగా వచ్చింది.

అతని కళ్ళవెంట నీళ్ళు కారాయి. ఇంత భక్తి ఎక్కడా చూడలేదని, పొద్దుటినుంచీ చర్చి దగ్గరే కాచుకున్న ఒబ్దూలియో వాళ్ళమ్మ వంగి అతని చేతిని ముద్దుపెట్టుకుంది.