డ్యూటీ చార్టు రాసిన చెయ్యి

మొన్న సరిహద్దు ఊరు కొంటా నుంచి బడేబాబు గారి కోడలు ఫోన్ చేసింది. "మా మామ పోయిండక్కా. పొద్దుగాల చాయ్ తాగి పేపరు చూసుకుంట కుర్చీలనే..." అంది. ఆ తర్వాత ఆమె చెప్పినవేవీ నా చెవికెక్కలేదు. ఆయన దంతెవాడలో మా ఆఫీసు పెద్ద గుమాస్తా. అందరూ హిందీలో బడేబాబు అనేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆయన గురించి మీకు నాలుగు మాటలు చెప్పకపోతే కృతఘ్నురాలినవుతాను. ఒకప్పుడు ఆయన మీద నాకున్నంత కోపం లోకంలో ఇంకెవరి మీదా లేదు మరి.

మాది ఇనుప గనులను తనిఖీ చేసే సర్కారు ఆఫీసు. కొండల మీద కొత్త తవ్వకాలు మొదలై, రైళ్ళ నిండా ఎర్రరాయి దిగుతున్న రోజులవి. ఖనిజం నమూనాలు తీసే ఉద్యోగంలో చేరాను. పేరుకే తీయడం. నాతోపాటు చేరిన ముగ్గురు మగవాళ్ళు జీపెక్కి కొండకు పోయేవారు. వాళ్ళు తెచ్చిన సంచులకు చీటీలు అంటించడం నా వంతు. మా నాన్న విజయనగరం వైపు నుంచి వచ్చి ఆ కొండ మీదే వెల్డరుగా చేశాడు. ఆయన కూతురినైన నేను మాత్రం దాన్ని కింద నుంచి చూడటమే.

ఏడేళ్ళకు ప్రమోషన్ల జాబితా వచ్చింది. ముగ్గురి పేర్లూ ఉన్నాయి, నాది లేదు. ఫీల్డు అనుభవం లేదట! పంపితే కదా వచ్చేది? ఈత వచ్చాకే ఏట్లో దిగమన్నట్టుంది. ఆడదాన్నని మా ఆఫీసు పై అధికారి పెద్ద సాబు కక్షగట్టి ఆపాడని జగదల్‌పూర్ కోర్టులో కేసు వేశాను.

అప్పటికి బడేబాబు గారు రిటైరయ్యారు. ఒక ఆదివారం మా క్వార్టరుకు వచ్చి గుమ్మంలోనే నిలబడ్డారు.

"నీ కేసుల పేరు తప్పు రాసినవ్ బిడ్డా. సాబు ఊకె సంతకం పెట్టెటోడు. డ్యూటీ చార్టు రాసింది నేను. నెల నెలా నీ పేరు ఎదురుంగ 'ఆఫీసు' అని రాసింది గీ చెయ్యే."

జీతం ఆలస్యమైతే కొట్లాడి తెప్పించిన మనిషి, నాకు జ్వరమొస్తే ఇంటి నుంచి గంజి పంపిన మనిషి!

"ఎందుకు?" అన్నాను.

"వాన పడితే ఆ ఘాట్‌ల జీపులు జారుతయ్. మొగోళ్ళ నడుమ కూసొని పోవాలె. నా బిడ్డయితే పంపుదునా అనుకున్న."

"మీ బిడ్డనైనా ఒక్క మాట అడిగేవారు కదా! నన్నెందుకు అడగలేదు?" అని అరిచాను. పక్క క్వార్టరు వాళ్ళు తలుపు తీసి చూశారు. ఆయనకు మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా పంపించేశాను. నిజం చెప్పొద్దూ, నాకు సాబు లాంటి దుర్మార్గుడే శత్రువుగా కావాలనిపించింది. గంజి పంపిన చెయ్యే నా దారికి అడ్డం పడిందంటే ఎవరిని తిట్టాలో తెలియలేదు.

మరుసటి ఆదివారం మళ్ళీ వచ్చారు. ఈసారి చేతిలో పెన్సిలు, తెల్లకాగితాలు. "తిట్టేది ఉంటే తిట్టు. అయినంక కూసో. సర్కారు వకీలు నిన్ను ఏమడుగుతడో నాకు ఎరికే," అన్నారు. అలా మూడు నెలలు ప్రతి ఆదివారం నన్ను కేసుకు తయారుచేశారు. మా వకీలు గారు కూడా ఆయన మాట విని, సాబు కక్ష అన్న మాట కొట్టేయించి, జరిగింది జరిగినట్టు అర్జీ సవరించారు.

కాళ్ళకు చెప్పులు లేకుండా, వీపు నిటారుగా పెట్టి కూర్చుని ఆయనే సర్కారు వకీలు అయిపోయేవారు. కోర్టు హిందీలో గొంతు పెంచి, "కొండ ఎక్కడం కష్టమని మీరే తప్పించుకున్నారు కదూ?" అని అడిగేవారు. నేను భగ్గుమని లేచి మా నాన్న దగ్గర్నుంచి మొదలుపెట్టేదాన్ని. నేను మాట్లాడినంత సేపూ కాగితం మీద గీతలు గీసి, చివర్లో చూపించేవారు. అక్కర్లేని వాక్యానికి ఒక గీత. మొదటి రోజు కాగితం దువ్వెనలా ఉంది.

"కోపాన్ని బస్టాండు కాడ దింపి, జవాబు ఒక్కటే లోపలికి తీసుకొనిపో బిడ్డా. జడ్జి రాసుకునేది జవాబునే."

నవ్వొచ్చేది. నవ్వితే ఆయనకు టీ ఇవ్వాల్సి వస్తుందని ఆపుకునేదాన్ని. నాలుగో ఆదివారం ఇచ్చేశాను.

ఆయన సాక్ష్యం చెబుతారని తెలిశాక పాత స్నేహితులు ఆయనింటికి రావడం మానేశారు. పింఛను ఆగిపోతుందని ఎవరో బెదిరించారట. "ఆగితే మంచిదే. అప్పుడు నన్ను కేసుకు నువ్వు తయారు చేద్దువులే," అని నవ్వారు. గ్లాసులో టీ సగం నేల మీద ఒలికింది. నేను చూడనట్టు గుడ్డ తెచ్చి తుడిచాను.

విచారణ రోజు నా వంతు బాగానే గడిచింది. తర్వాత ఆయన బోనెక్కారు. సర్కారు వకీలు తేనె పూసిన గొంతుతో, "ఆమె మేలు కోరే కదా మీరలా రాశారు? ఇందులో వివక్ష ఎక్కడుంది?" అన్నాడు. మా ఆదివారాల్లో ఈ ప్రశ్న రాలేదు.

ఆయన నోరు తెరిచేలోపే జడ్జి గారే తలెత్తి అడిగారు. "మగవాళ్ళను ఇష్టం కనుక్కుని పంపేవారా?"

"లేదు హుజూర్," అన్నారు హిందీలో. "వద్దని మొత్తుకున్న వాళ్ళను కూడా పంపాను. ఈమె ఒక్కర్తినే, పోతానంటుందో పోనంటుందో అడగకుండా ఆపాను. మేలు చేశాననుకున్నాను. ఏడేళ్ళు ఈమెకు ద్రోహం చేశాను."

అక్కర్లేని వాక్యం ఒక్కటీ లేదు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

ఫీల్డు అనుభవం లేదన్న కారణం చెల్లదని, నా పేరు మళ్ళీ చూడమని తీర్పు వచ్చింది. ప్రమోషనూ వచ్చింది. కొండ మీది తనిఖీ నా చేతికి వచ్చాక ఒక రోజు ఆయన్ని అడిగాను, "బడేబాబు గారూ, పైకి వస్తారా?" అని. ముప్పై ఏళ్ళు ఎవరెవరు కొండకు పోవాలో రాసిన మనిషి ఆ కొండ ఎప్పుడూ ఎక్కలేదట.

అనుమతి తీసుకుని జీపులో పక్కన కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాను. ఘాట్‌ మలుపుల్లో కళ్ళు మూసుకుని దంతేశ్వరి తల్లిని తలుచుకున్నారు. పైన గని అంచున దిగి చుట్టూ చూశారు. కింద మెట్లు మెట్లుగా తవ్విన ఎర్రమట్టి, అటు ఎంత దూరం చూసినా అడవి. ఈదురుగాలికి ఆయన చొక్కా ఎగిరెగిరి పడుతోంది.

"ఇంతేనా బిడ్డా?" అన్నారు. "దీనికేనా నేను నిన్ను..."

ఆయన తెల్లచొక్కా నిండా ఎర్రదుమ్ము పట్టింది. దులపబోతే నా చెయ్యి పట్టుకుని ఆపి, "ఉండనీ" అన్నారు. కొండ దిగి జీపు బజారులో ఆగినప్పుడు, కనుబొమల దాకా ఎర్రగా, ఎదురైన ప్రతి మనిషినీ ఆపి, "మా మేడం తనిఖీకి పైకి పోయింది, నేను గూడ ఎంట పోయొచ్చిన," అని చెప్పుకుంటూ నిలబడ్డారు.