కాకాను సేట్ అన్న వానాకాలం

కరీంనగర్‌లో టవర్ సర్కిల్ వెనక సందులో ఒక బట్టల దుకాణం ఉండేది. ఉండేది అంటున్నాను గాని ఇప్పటికీ ఉంది. అద్దాల తలుపులు పెట్టారు, ఏసీ పెట్టారు, నాకు మాత్రం అది వేరే దుకాణమే. నేను పనిచేసిన రోజుల్లో కింద తెల్ల పరుపుల గద్దె, మీద యజమాని కుటుంబం ఉండే ఇల్లు. జమ్మికుంటలో పత్తి అమ్ముకొని వచ్చే రైతులు పెళ్లి బట్టలకు మా దగ్గరికే వచ్చేవాళ్ళు. ఒక్క చీర కొనడానికి గద్దె నిండా చీరలు విప్పించేవాళ్ళు. నవ్వుతూ విప్పేదాన్ని. సాయంత్రం వాటికి మడతలు పెట్టేటప్పుడు మాత్రం వాళ్ళ ఏడు తరాలనూ తలుచుకునేదాన్ని.

ఆ దుకాణంలో ఒక పద్ధతి ఉండేది. యజమానిని ఎవరూ సేట్ అనకూడదు. పనిలో చేరిన రోజు నేను అలవాటు కొద్దీ సేట్ అనగానే ఆయన చెవులు మూసుకున్నాడు.

"సేట్ గీట్ అనకు బిడ్డా. గీడ అందరం ఇంట్లోల్లమే. కాకా అను."

అలా ఆయన నాకు కాకా అయ్యాడు. ఆయన తల్లి బాపమ్మ అయింది. మధ్యాహ్నం పూట మేడ మీద అందరం ఒకే వరుసలో కూర్చుంటే బాపమ్మ వడ్డించేది. కాకా పళ్ళెంలో ఏముంటే మా పళ్ళాల్లోనూ అదే. "తిను బిడ్డా, చీరెలెత్తుడంటే మాటలా" అంటూ పచ్చిపులుసు పోసేది. మా అవ్వ, అంటే మా అమ్మ, పోయాక నేను అడగకుండా నాకు మారు అన్నం పెట్టిన మనిషి ఆమె ఒక్కతే. ఇప్పుడు ఎంత మంచి హోటల్లో తిన్నా నా చెయ్యి ఆ గరిటె కోసం ఆగుతుంది.

ఆ వానాకాలం ఊరంతా కీళ్ళ నొప్పుల జ్వరం. కాకా మేనల్లుడు గల్లా పక్కన కూర్చొని బిల్లులు రాసేవాడు. అతనికీ నాకూ ఒకే వారంలో వచ్చింది. దుకాణం వెనక నీళ్ళ తొట్టి దగ్గర ఒకే దోమ ఇద్దరినీ కుట్టి ఉంటుంది. దోమకు చుట్టరికాలు తెలియవు కదా. నేనూ మా నాన్నా ఉండే కిరాయి గదికి బాపమ్మ రెండు పూటలా జొన్నగటక, చారు పంపింది. జ్వరం తగ్గాక ఇద్దరం ఇంచుమించు ఒకేసారి పనిలోకి వచ్చాం, గోడలు పట్టుకొని మెట్లెక్కుతూ, ఒకరినొకరు చూసి నవ్వుకుంటూ.

జీతాల రోజు నా కవరు తేలికగా ఉంది. రాని రోజులన్నీ కోసేశారు. పోనీలే, అందరికీ ఇదే కదా అనుకున్నాను. మేనల్లుడు పాపం కల్లాకపటం తెలియని మనిషి. చాయ్ తాగుతూ, "నాకైతే ఏం కోయలేదక్కా. నీకు కోసిండ్రా?" అని నాకంటే ఎక్కువ ఆశ్చర్యపోయాడు.

కాకా దగ్గరికి వెళ్ళాను.

"కాకా, జరం ఇద్దరికొచ్చింది. జీతం నాకొక్కదానికే కోసిండ్రు."

"గదేంది బిడ్డా, ఇంట్లోల్ల మధ్య లెక్కలుంటయా? నువ్వు నా బిడ్డసొంటిదానివి. బాపమ్మ గటక పంపలేదా?"

"మరి ఆయనకు కోయలేదు గదా?"

"వాడు మా అక్క కొడుకు. ఇంట్లోడు."

నవ్వుతూనే అన్నాడు. ఒకే నోటితో నన్ను ఇంట్లోకి పిలిచి, అదే నోటితో గడప బయట నిలబెట్టాడు. ఆ సంగతి ఆయనకు తెలియను కూడా తెలియలేదు. కవరు మడిచి పట్టుకొని కోపంగా ఇంటికి నడిచాను.

మా బాపు, అంటే మా నాన్న, బొగ్గు గనిలో పనిచేసి రిటైరైన మనిషి. దమ్ము జబ్బు. ఆ నెల గది కిరాయి కట్టేసరికి ఆయన పీల్చే మందుకు డబ్బులు మిగలలేదు. ఆయన గోడకు ఆనుకొని దగ్గుతుంటే దాచలేక సంగతంతా చెప్పాను. గనుల్లో జబ్బు సెలవును సిక్కు అంటారు.

"కంపెనీల నన్నెవ్వడు బిడ్డా అనలే, తమ్మీ అనలే," అన్నాడు బాపు. "నంబరు పెట్టి పిలిచిండ్రు. కానీ సిక్కు పెడితే నా జీతమాగలే. నాకైనా, నా మీది సర్దారుకైనా ఒక్కటే సిక్కు."

తెల్లారి దుకాణంలో అడుగు పెడుతూనే, "నమస్తే సేట్," అన్నాను.

కాకా నవ్వాడు. "ఏం బిడ్డా, పొద్దుపొద్దుగాల్నే మజాకా?"

"మజాకేం లేదు సేట్."

మధ్యాహ్నం మేడ ఎక్కలేదు. మెట్ల మీద కూర్చొని ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బా విప్పాను. సేట్ దగ్గర పనిచేసేవాళ్ళు ఎవరి డబ్బా వాళ్ళే తెచ్చుకుంటారు కదా. బాపమ్మ గరిటె పట్టుకొనే దిగి వచ్చింది. నన్ను చూసింది, నా డబ్బాను చూసింది, తిరిగి ఎక్కిపోయింది. నేను అడిగింది న్యాయమే, అందులో నాకు ఇప్పటికీ అనుమానం లేదు. కాని మేడ మీంచి పచ్చిపులుసు పోపు వాసన వస్తుంటే మాత్రం ఏడుపు ఆగలేదు.

చీరలకు ఫాల్స్ కుట్టే అక్క ఒకామె ఉండేది, ఖానాపూర్ వైపు మనిషి. గర్భసంచి ఆపరేషన్ అయినప్పుడు ఆమెకూ జీతం కోశారు, ఇంట్లోల్లమని చెప్పే కోశారు. మర్నాడు ఆమె మిషను మీంచి తల ఎత్తకుండా, "సేట్, సూదులు ఒడిసినయ్, కొత్తయి తేవాలె," అంది. ఆ తర్వాత మూటలు మోసే అన్న. ఆ తర్వాత మిగిలినవాళ్ళు. రెండు మూడు రోజుల్లో దుకాణం నిండా సేట్, సేట్. ఎప్పుడూ వచ్చే రైతు ఒకాయన చెవి ఒగ్గి విని, "ఏందయ్యా, ఎన్నడు సేటువైతివి? మాకు చెప్పనే చెప్పకపోతివి," అన్నాడు. గద్దె మీద ఉన్నవాళ్ళందరం నవ్వు ఆపుకోవడానికి మూతులు బిగించుకున్నాం.

ఆ రైతు వెళ్ళగానే కాకా లేచి నిలబడ్డాడు. "ఏమైందే మీకందరికి? నేనేం పాపం చేసిన?"

"పాపమేం లేదు సేట్," అన్నాను. "కాకాను అడిగితే ఇంట్లోల్ల మధ్య లెక్కలేంది అంటడు. సేట్‌ను అడిగితే లెక్క చెప్తడు గదా."

ఆయన ముఖం చిన్నబోయింది. చెడ్డవాడు కాదు. మమ్మల్ని నిజంగానే ఇంటివాళ్ళం అనుకున్నాడు, ఖర్చు లేనంత వరకు. సాయంత్రం కోసిన జీతం తెచ్చి ఇచ్చాడు. ఇకమీదట జ్వరం వస్తే అందరికీ ఒకటే అని గద్దె ముందు నిలబడి చెప్పాడు. మాట తప్పలేదు. ఆ చలికాలం ఫాల్స్ అక్క మంచం పడితే ఒక్క రోజు కూడా కోయలేదు.

కాని నాకు డబ్బులు ఇచ్చేటప్పుడు, "తీసుకోమ్మా," అన్నాడు. బిడ్డా అనలేదు. ఆ తర్వాత ఎన్నడూ అనలేదు. మళ్ళీ మేడ మీదికి వెళ్ళి తిన్నాను, బాపమ్మ వడ్డించింది. నాతో మాట మాత్రం లేదు. కొడుకును పదిమందిలో చిన్నబుచ్చానని మనసు విరిగిందనుకున్నాను. బాపుకు మందు వచ్చింది, సంతోషించాను. బాపమ్మ మాట పోయింది, దానికి చాలా ఏడ్చాను.

కొన్నేళ్ళకు బాపును తీసుకొని లక్సెట్టిపేటలో మా మేనత్త దగ్గరికి వెళ్ళిపోయాను. ఈ మధ్య ఫాల్స్ అక్క ఫోన్ చేసి, బాపమ్మ వంటింట్లో జారిపడి తుంటి విరిగిందని చెప్పింది. మనసు ఆగలేదు. బత్తాయిలు కొనుక్కొని బస్సెక్కాను. మొహం తిప్పుకుంటుందేమోనని మేడ మెట్లు భయంభయంగా ఎక్కాను.

మంచంలో ఇంత చిన్నగా అయిపోయింది. నన్ను గుర్తుపట్టి పక్కన కూర్చోమని చెయ్యి చూపింది. బత్తాయి ఒలిచి పెడుతుంటే తింటూ తింటూ, "నువ్వు నా కొడుకును సేట్ అన్నవు," అంది.

"అన్న బాపమ్మా. నీకు కోపమొచ్చింది. గప్పటి సంది నాతోని మాట్లాడలే."

"కోపమా?" అంది. "ఏం మాట్లాడాల్నో తెల్వలే బిడ్డా. డబ్బా పట్టుకొని మెట్ల మీద కూసున్నవు సూడు, నిన్ను సూస్తే నాకు కుళ్ళొచ్చింది. పెండ్లై వచ్చిన్నాడు గీ పొయ్యి కాడ నిలబడ్డ. జరమొస్తే వండిన. కాన్పైనంక లేసి వండిన. మీ అందరికి వండిన. తుంటి ఇరిగితే గదా, గిప్పుడు మంచంల పన్న."

తొన తీసుకోవడం ఆపి నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు వాన్ని సేట్ అన్నవు, నీ లెక్క నీకొచ్చింది. నన్ను అందరు అవ్వ అంటరు, బాపమ్మ అంటరు. నేనెవర్ని సేట్ అనాలె బిడ్డా?"