అమ్మకు నా కళ్ళు పెట్టినప్పుడు

దయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ నమ్మకం లేదు. ఎవరైనా ఆ కథలు మొదలుపెడితే "దానికి రేషన్ కార్డు ఉందా?" అని అడిగి, చెప్పేవాళ్ళ ఉత్సాహం మీద నీళ్ళు చల్లే రకాన్ని నేను. అందుకు మా చుట్టాల్లో నన్ను తిట్టనివాళ్ళు లేరు. కాబట్టి ఇది చదివి ఎవరైనా నవ్వితే నాకు కోపం రాదు. ఇంకొకరు చెబితే నేనూ నవ్వేదాన్నే.

అసలు ఇది దయ్యం కథ అవునో కాదో కూడా నాకు తెలియదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మాది కోదాడ. నాకు రెండేళ్ళు నిండకముందే అమ్మ పచ్చకామెర్లతో పోయింది. నాన్న, నాయనమ్మ కలిసి నన్ను పెంచారు. అమ్మ నాకు ఏమాత్రం గుర్తు లేదు. గొంతు గుర్తు లేదు, ఒళ్ళు గుర్తు లేదు, ముఖం అసలే గుర్తు లేదు. ఉన్నదల్లా ఒక్క ఫోటో. అదీ పోయాక తీసిందే.

ఆ రోజుల్లో మా వైపు అదొక పద్ధతి. బతికుండగా ఫోటో దిగని మనిషి పోతే, ఎత్తేలోపు స్టూడియో ఆయన్ను పిలిపించేవారు. స్నానం చేయించి, కుర్చీలో కూర్చోబెట్టి, తల వాలకుండా వెనక నుంచి గుడ్డతో కట్టి ఫోటో తీయించేవారు. తర్వాత స్టూడియో ఆయన సన్నటి కుంచెతో మూసిన రెప్పల మీద కళ్ళు గీసి, బతికుండగా దిగినట్టే చేసి ఇచ్చేవాడు. దాన్ని కళ్ళు తెరిపించడం అనేవారు. మా చుట్టాల ఇళ్ళలో అలాంటివి చాలా చూశాను. గీసిన చెయ్యి ఒకటే కాబట్టి ముసలాయనకూ, కోడలికీ, పక్కింటి పిల్లాడికీ అందరికీ అవే కళ్ళు.

అమ్మకు మాత్రం నాన్న ఒప్పుకోలేదట. "ఎవరియో కళ్ళు పెట్టి ఈమె నీ పెళ్ళాం అంటే నేనెట్టా చూసేది?" అన్నాడని నాయనమ్మ చెప్పేది. అలా మా అమ్మ కళ్ళు మూసుకునే గోడ మీద ఉండిపోయింది.

"మీ అమ్మ పండుకుంది, సప్పుడు చెయ్యకు" అని నాయనమ్మ నన్ను జోకొట్టేది. నేను చాలాకాలం నిజమే అనుకున్నాను. బడి నుంచి రాగానే లేచిందేమో అని వెళ్ళి చూసేదాన్ని. కొంచెం పెద్దయ్యాక అసలు సంగతి తెలిసింది కానీ, చూడడం మాత్రం మానలేదు.

నన్ను చూసిన ప్రతి ముసలమ్మా "అచ్చం తల్లి కండ్లే" అనేది. అందుకని అద్దం ముందు నిలబడి, ముక్కు నుంచి కిందికి ఒక చేత్తో, నుదురు ఇంకో చేత్తో మూసుకుని, మిగిలిన కళ్ళను చూసుకునేదాన్ని. అలా చూస్తే అమ్మ కనిపిస్తుందేమోనని ఆశ. ఎంతసేపు చూసినా అవి నా కళ్ళే. నాకు కావలసింది ఒక్కటే. అమ్మ ఒక్కసారి నన్ను చూడాలి. ఈ మాట నేను ఎవరికీ చెప్పుకోలేదు, మా ఆయనకు కూడా.

పెళ్ళయి మిర్యాలగూడ వచ్చాను. మా ఆయన రైస్ మిల్లులో సూపర్‌వైజర్. నాయనమ్మ పోయింది, తర్వాత కొన్నేళ్ళకు నాన్న కూడా పోయాడు. కోదాడ ఇల్లు ఖాళీ చేసినప్పుడు అమ్మ ఫోటో నేను తెచ్చుకున్నాను.

తొంభైతొమ్మిదిలో మా ఇంటికి కంప్యూటర్ వచ్చింది. నేను అంతకుముందే ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకున్నాను. ఇంట్లోనే కూర్చుని పెళ్ళికార్డులు, విజిటింగ్ కార్డులు టైపు చేసి ఇచ్చేదాన్ని. మిల్లుల నుంచి ఎగిరొచ్చే ఊకబూడిద పడకుండా దానికి ఒక పాత చీర కప్పేదాన్ని. అది మా అత్తగారి పట్టుచీర కాబట్టి, కంప్యూటర్‌కు కూడా పసుపు కుంకుమలు పెట్టమని మా ఆయన వెక్కిరించేవాడు. ఫోటోలు మార్చే సాఫ్ట్‌వేర్ సీడీ ఒకటి ఇన్‌స్టిట్యూట్ సారు ఇచ్చాడు. అందులో ఎవరి తల ఎవరికైనా పెట్టొచ్చు. సారు స్కాన్ చేసిచ్చిన ఫోటోలో మా ఆయన తల తీసి సినిమా హీరో ఒంటికి అతికించి, ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చూపించేదాన్ని.

ఆ దసరాకు హైదరాబాద్ నుంచి మా మరిది తన ఆఫీసు కెమెరా తెచ్చాడు. దానిలో రీలు ఉండదు. పక్కన ఫ్లాపీ దూర్చి బటన్ నొక్కితే, గరగరమని చప్పుడు చేసి ఫోటో ఫ్లాపీ మీదకు ఎక్కుతుంది. ఆ ఫ్లాపీని కంప్యూటర్‌లో పెడితే చాలు. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది నాకు. మా పాపను తీశాను, పెరట్లో జామచెట్టును తీశాను, వద్దంటున్నా మరిదిని తీశాను.

తర్వాత అనిపించింది, అమ్మ ఫోటోను బయటివాళ్ళ చేతికి ఇవ్వకుండా నేనే ఎక్కించుకోవచ్చని. ఇక ఆగలేకపోయాను.

మధ్యాహ్నం అన్నాలయ్యాక అమ్మ ఫోటో దించి, వెనక మేకులు ఊడదీసి, అద్దం పక్కన పెట్టి, వరండాలో వెలుతురులో పెట్టి ముఖం వరకే దగ్గరగా తీశాను. తర్వాత మరిది చేతికి కెమెరా ఇచ్చి, అదే వెలుతురులో నా ముఖం తీయమన్నాను. ఎందుకని అడిగాడు. పని ఉందన్నాను. కెమెరాలోకి సూటిగా చూశాను.

కంప్యూటర్‌లో రెండూ పక్కపక్కన తెరిచాను. నా ఫోటోలో రంగు తీసేసి నలుపు తెలుపు చేశాను. నా కళ్ళు రెండూ ఒక్కొక్కటిగా కత్తిరించి, అమ్మ రెప్పల మీద పెట్టి, అంచులు కనిపించకుండా కలుపుతూ కూర్చున్నాను. నాన్న మాట గుర్తుకొస్తూనే ఉంది. ఇవి ఎవరివో కళ్ళు కావు కదా నాన్నా, అని మనసులో సమాధానం చెప్పుకున్నాను.

పని అయ్యింది. అమ్మ కళ్ళు తెరిచింది, సూటిగా నా వైపు చూసింది.

కానీ ఆమె అమ్మ కాదు. అమ్మ ముఖంలో నుంచి నేను నన్ను చూసుకుంటున్నాను, అంతే. చిన్నప్పుడు అద్దం ముందు జరిగిందే మళ్ళీ జరిగింది. ఇన్నేళ్ళు ఎదురుచూసింది దీనికా అని ఏడుపొచ్చింది. ఫైల్ సేవ్ చేసి, కంప్యూటర్ ఆపి, చీర కప్పేశాను.

మర్నాడు మధ్యాహ్నం ఒక పెళ్ళికార్డు పని కోసం కంప్యూటర్ పెట్టాను. మనసు ఊరుకోక ఆ ఫైల్ తెరిచాను.

అమ్మ నా వైపు చూడడం లేదు. తల కదల్లేదు, ముఖం అదే, కళ్ళు మాత్రం ఎడమవైపు కిందికి చూస్తున్నాయి. నల్లగుడ్డు పక్కకు జరిగి, ఇటువైపు తెలుపు ఎక్కువగా కనిపిస్తోంది. పై రెప్ప కొద్దిగా దిగి ఉంది. ఆ ముఖం ఇప్పుడు నాది కాదు. నేను ఎప్పుడూ చూడని ఒకామె ముఖం. నాకు భయం వేయలేదు, ఆ మాట నిజం.

మొదట పాప మీద అనుమానం వచ్చింది. దానికి నాలుగేళ్ళు, మౌస్ తోక పట్టుకుని ఆడడం తప్ప ఏమీ తెలియదు. మరిది పొద్దున్నే కెమెరాతో సహా బస్సెక్కేశాడు. మా ఆయనకు పేకాట తప్ప కంప్యూటర్‌లో ఇంకేదీ తెరవడం రాదు. ఫైల్ మీద సమయం చూశాను. ముందురోజు నేను సేవ్ చేసినప్పటిదే ఉంది. ఫ్లాపీ పెట్టి నా ఫోటో తెరిచాను. నా కళ్ళు సూటిగానే ఉన్నాయి. పక్కకు చూస్తున్న కళ్ళు నా దగ్గర ఉన్న ఏ ఫోటోలోనూ లేవు.

సాయంత్రం మా ఆయనకు చూపించాను. కాసేపు చూసి, "నువ్వే ఇంకోసారి జరిపి మర్సిపోయినవేమో సూడు" అన్నాడు. అలా అయ్యుంటే ఎంత బాగుండేదో. నా పని మీద నాకే అనుమానం వచ్చి, మొదటి నుంచి మళ్ళీ చేశాను. కొత్త ఫైల్‌లో కళ్ళు సూటిగా పెట్టాను. అది మర్నాడూ, ఆ తర్వాతా అలాగే ఉంది. పాతది కూడా అలాగే ఉంది, పక్కకు చూస్తూ.

మా ఇంట్లో ఫోటోలు వేసే ప్రింటర్ లేదు. సూర్యాపేటలో ఒకచోట వేస్తున్నారని తెలిసి, రెండు ఫైళ్ళూ ఫ్లాపీలో వేసుకుని బస్సెక్కాను. మా చిన్నమ్మ ఉండేది కూడా అక్కడే. చిన్నమ్మ అంటే అమ్మకు సొంత చెల్లెలు. అమ్మ కళ్ళు తెరిచి ఉండగా చూసినవాళ్ళలో నాకు మిగిలింది ఆమె ఒక్కతే.

చిన్నమ్మ పప్పు చెరుగుతూ కూర్చుంది. ఏమీ చెప్పకుండా ముందు సూటిగా చూసే ఫోటో ఇచ్చాను. చేట పక్కన పెట్టి చూసింది.

"గిదేందే, నీ ఫోటోనే కదా. గిట్ల నలుపు తెలుపుల ఎందుకు దిగినవ్?" అంది.

రెండోది ఇచ్చాను. చిన్నమ్మ ఫోటో పట్టుకుని లేచి గడప దగ్గర వెలుతురులోకి వెళ్ళింది. నాకు వీపు పెట్టి నిలబడింది. నేను వెళ్ళి చూసేసరికి ఏడుస్తోంది.

"మా అక్క," అంది. "గిట్లనే సూసేది బిడ్డా. పని చేసుకుంట నిన్ను పక్కకు కూసోబెట్టుకునేది. తల వంచేది కాదు, కండ్లు దించి సూసేది. గీ సూపు నీకెట్ల తెల్సింది?"

నాకు తెలియదన్నాను. చిన్నమ్మ నమ్మలేదు. మా నాన్న చెప్పి ఉంటాడంది. నాన్న నా దగ్గర అమ్మ పేరే ఎత్తేవాడు కాదు. ఆ మాట చెప్పాక, చిన్నమ్మ ఫోటోలో ఎడమవైపు అంచు దాటి, బయట ఖాళీలో వేలు పెట్టింది.

"గీ ఫోటో దిగినప్పుడు నువ్వు గీన్నే ఉన్నవ్" అంది.

నాకు అర్థం కాలేదు. చిన్నమ్మ కళ్ళు తుడుచుకుని చెప్పింది. అమ్మను కుర్చీలో కూర్చోబెట్టాక నేను వెళ్ళి కుర్చీ పక్కన నేల మీద కూర్చుని కొంగు పట్టుకున్నానట. ఎంత గుంజినా వదల్లేదట. ఎత్తుకుంటే గుక్క తిప్పుకోకుండా ఏడ్చానట. ఎండ పోతుందని స్టూడియో ఆయన తొందరపెడితే, ఇక అలాగే తీయమన్నారట.

"అయినంక మీ నాయన నిన్ను కత్తిరిపిచ్చిండు. సచ్చిన మనిషి పక్కకు పసిపిల్ల బొమ్మ ఇంట్ల ఉండొద్దన్నరు పెద్దోళ్ళు. నీకు చెప్పొద్దని మా అందరితోని ఒట్టేయిచ్చుకున్నడు. ఇగ ఆయనే లేడు కదా, చెప్తున్న."

మిర్యాలగూడ వచ్చి మళ్ళీ ఫ్రేమ్ విప్పాను. మొదటిసారి విప్పినప్పుడు నా ధ్యాసంతా ముఖం మీదే ఉంది. ఈసారి ఎడమ అంచు చూశాను, ఎప్పుడూ ఫ్రేమ్ చెక్క కింద ఉండిపోయే చోటు. కత్తెర పడిన గీత పక్కనే, అమ్మ కొంగు మీద మూడు చిన్న తెల్లటి మచ్చలున్నాయి. భూతద్దం తెచ్చి చూశాను. అవి వేలికొసలు. చేయంతా కత్తిరింపులో పోయింది, అవి మిగిలాయి. కంప్యూటర్‌లోకి నేను ఎక్కించుకున్నది ముఖం ఒక్కటే. ఆ అంచు ఫ్లాపీలో లేదు, కంప్యూటర్‌లోనూ లేదు.

తర్వాత కంప్యూటర్ తెలిసిన చాలామందిని అడిగాను. ఫైల్ పాడై ఉంటుందన్నారు. ఫైల్ పాడైతే గళ్ళు పడతాయి, గీతలు పడతాయి, అసలు తెరుచుకోదు. అలాంటివి నేనూ చూశాను. పాడైన ఫైల్‌లో మనిషి చూపు మారదు. నా మనసులో ఎక్కడో ఆ రోజు మిగిలి ఉండి, నా చేతులే నాకు తెలియకుండా ఆ పని చేశాయేమో అని కూడా ఆలోచించాను. అలా అనుకుంటే కాస్త నిమ్మళం. కానీ ఆ చూపు కత్తిరించడానికి అలాంటి కళ్ళు ఏ ఫోటోలో ఉన్నాయి?

ఆ కంప్యూటర్ ఎప్పుడో మూలపడింది. ఫ్లాపీలకు బూజు పట్టింది. పక్కకు చూసే ప్రింటు మాత్రం ఫ్రేము కట్టించి ముందుగదిలో పెట్టాను. మా ఇంటికి వచ్చినవాళ్ళు మీ అమ్మ చాలా బాగుంది, మీ పోలికే అంటారు. నేను అవునంటాను.

కొన్ని ఫోటోల్లో కళ్ళు మనం ఎటు వెళితే అటు చూస్తాయంటారు. ఇవి అలా చూడవు. ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు ఆ గదిలో అన్ని వైపులా నిలబడి చూశాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఎడమవైపు గోడ వార నేల మీద కూర్చుని కూడా చూశాను. చూపు నా తలకు ఇంకా కిందికే పోతుంది. అక్కడ రెండేళ్ళు నిండని పిల్ల కూర్చుంటే తప్ప అందదు. ఆ పిల్ల నేనే అని నాకు తెలుసు. అయినా దానంటే నాకు కుళ్ళు. మా అమ్మ దాన్నే చూస్తోంది.