ఎవరికైనా తట్టేదేనన్నారు

మా అక్కకు మా దీవిలోని అబర్డీన్ బజార్‌లో వలలు, తాళ్లు అమ్మే కొట్టు ఉంది. గట్టి వాన పడితే చాలు, అక్కడ నెట్ పోయేది. బిల్లులు వేసే ఫోను అక్కను గుర్తుపట్టలేక మధ్యలో లాక్ అయిపోయేది. కొనడానికి వచ్చినవాళ్లు విసుక్కుని పక్క కొట్టుకు పోయేవారు.

నేను ప్రోగ్రాములు రాసి బతుకుతాను. ఆ కొట్టులో కూర్చునే ఒక పద్ధతి కనిపెట్టాను. మనం టైపు చేసే తీరును బట్టి, నెట్ లేకపోయినా, ఫోను తన మనిషిని తానే గుర్తుపడుతుంది. అందుకు వాడే గుర్తు ఫోనులోనే ఉన్నా, వాడినప్పుడల్లా రూపు మార్చుకుంటుంది కాబట్టి దొంగకు పనికిరాదు.

పేటెంటుకు దరఖాస్తు పెడితే పేటెంటు ఆఫీసువాళ్లు తిరస్కరించారు. పాత పేటెంట్లు రెండు చూపించారు. ఒకటి టైపు చేసే తీరును చూస్తుంది, రెండోది నెట్ లేకుండా నడుస్తుంది. రెండూ కలిపితే ఇదే కదా, ఈ పని తెలిసిన ఎవరికైనా తట్టేదే అన్నారు. నాకు ఏడుపొచ్చింది. అక్కకు మాత్రం ఒళ్లు మండింది.

"ఎవులికైనా తట్టీదే అయితే ఇన్నాళ్లూ ఒక్కుడికీ తట్టనేదేటి? ఊరికే ఒగ్గీకే, అప్పీలు ఎయ్యి!"

మా దీవుల కేసులు చూసే కలకత్తా హైకోర్టులో అప్పీలు వేసి, అక్కడే ఒక లాయరమ్మను పెట్టుకున్నాను. కోపం పక్కన పెట్టి ఆ పాత పేటెంట్లు మళ్లీ చదవమన్నారావిడ. చదువుతుంటే మొదటిదాంట్లోనే ఒక హెచ్చరిక దొరికింది: ఈ గుర్తును ఎట్టి పరిస్థితుల్లోనూ ఫోనులో ఉంచకూడదు, దొంగలు ఎత్తుకుపోతారు, దూరాన ఉన్న సర్వరులోనే ఉంచాలి. అంటే నేను చేసిన పనినే అది వద్దంటోంది! వెంటనే ఆవిడకు ఫోను చేశాను.

విచారణకు వీడియోలో హాజరుకావచ్చన్నా, మా నెట్‌ను నమ్ముకోలేక విమానం ఎక్కి వెళ్లాను. లాయరమ్మ ఆ వాక్యం చదివి వినిపించగానే జడ్జిగారు అవతలి లాయరు వైపు తిరిగారు.

"చేయొద్దని చదివినవాడికి అదే చేయాలని ఎలా తడుతుంది?"

ఆయన కాగితాలు తిరగేశారు. తిరస్కరణను కొట్టేసి, పేటెంటు ఇవ్వాలని జడ్జిగారు అక్కడికక్కడే తీర్పు చెప్పారు.

బయటికొచ్చి అక్కకు ఫోను చేశాను. "అక్కా, గెలిచాం!"

"సచ్చీ? నిజవేనా?" అంది. ఆ తర్వాత నాతో కాదు, బజారంతటితో, అక్కడి హిందీ కలిపి మాట్లాడింది. "భయ్యా! మా చెల్లి జీత్ గయీ! కలకత్తాలో కేసు జీత్ గయీ!"

అటువైపు ఎవరో ఈల వేశారు, ఎవరో చప్పట్లు కొట్టారు. కోర్టు మెట్ల మీద నాకు నవ్వు ఆగలేదు. లాయరమ్మ నా సంచీ పట్టుకుని, తానూ నవ్వుతూ, నేను తేరుకునేదాకా ఓపిగ్గా నిలబడ్డారు.