ఎర్ర వ్యాను గురించి నేనాడిన అబద్ధం

మా చిన్నతనంలో ఒక ఆదివారం... నాన్న నన్ను వెంటబెట్టుకుని భీమవరం బస్సెక్కారు. సెకండ్ హ్యాండ్ వ్యాను కొనడానికి! అప్పుడు నేను ఏడో తరగతి.

మాది నరసాపురం దగ్గర చిన్న ఊరు. నాన్నది లేసు వ్యాపారం. చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు అల్లిన లేసు మూటలు కట్టి, బస్సు టాపు మీద వేసి తెచ్చేవారు. ఆ ఏడాది వానల్లో రెండు మూటలు తడిసి మరకలు పడ్డాయి. మరక పడిన తెల్ల లేసు ఎవరు కొంటారు... అందుకని వ్యాను. నాన్న దగ్గరున్న డబ్బుకి కొత్తదాని మాట దేవుడెరుగు, పాతవాటిలో మంచిది దొరకడమే కష్టం.

పాత బళ్లమ్మే షెడ్డులో మాకు అందుబాటులో ఉన్నవి రెండే. ఒకటి మీగడ రంగుది. ఒక పక్కంతా సొట్ట, సీటు చిరిగి స్పాంజి బయటికొచ్చింది. రెండోది ఎర్రది... అద్దంలా మెరిసిపోతోంది! కిటికీలకి పూల కర్టెన్లు కూడానూ. నేను వెళ్లి దాంట్లో కూర్చుండిపోయాను. లలిత చూస్తుండగా దీంట్లోంచి దిగాలి... నా మనసులో ఉన్నది అదొక్కటే.

లలిత మా ఎదురింటి పిల్ల. నా క్లాసే. వాళ్ల నాన్న సుబ్బారావు గారికి కిరాణా కొట్టు ఉండేది. క్లాసులో మొదట వాచీ పెట్టుకున్నది లలితే, సైకిలు మీద బడికొచ్చిందీ లలితే. పండక్కి నాకు పట్టులంగా కుట్టిస్తే, దానికి అంతకంటే పెద్ద అంచుది వచ్చేది. ఇద్దరం ఒకే బెంచీ... కానీ దాన్ని చూస్తే నాకు లోపల భగభగమనేది.

"సింగిల్ హ్యాండ్ బండండి. గీతైనా పడలేదు," అన్నాడు షెడ్డు ఆయన.

నాన్న బండి చుట్టూ తిరిగారు. ఇంజను స్టార్ట్ చేయించి పొగ చూశారు. తలుపుల మీద వేళ్లతో కొట్టి చప్పుడు విన్నారు. తర్వాత నన్ను దిగమని, సీటు కింద మ్యాటు ఎత్తారు. మూలల్లో ఎండిపోయిన ఒండ్రు మట్టి! వేలితో గీకి చూసి, నన్ను పక్కకి తీసుకెళ్లి మెల్లగా చెప్పారు.

"ఇది గోదాట్లో మునిగిన బండి అమ్మలూ. పైన రంగేసేశారు. వైర్లలోకి నీళ్లెళ్లాయంటే ఎక్కడ ఆగిపోద్దో చెప్పలేం."

సొట్టదే కొన్నారు. ఇంటికొచ్చేదాకా నేను నాన్నతో మాట్లాడలేదు.

నాలుగు రోజుల తర్వాత సాయంత్రం లలిత మా ఇంటికొచ్చింది. నాన్న లేసు కోసం రేవు దాటి అవతలి ఊళ్లకి వెళ్లారు. మర్నాటికి గాని రారు.

"భీమవరంలో మీరు చూసొచ్చిన ఎర్ర వ్యాను ఎలా ఉందో మీ నాన్నగారిని అడిగి రమ్మన్నారే మా నాన్న. రేపు పొద్దున్నే కొనడానికి వెళ్తున్నారు."

ఊళ్లో ఎవరు ఏ పాత వస్తువు కొనాలన్నా ముందు మా నాన్నని అడిగేవారు. ఆయన బాగుందంటే ఇక వెనకాడేవారు కాదు.

నేను నోరు తెరిచేలోపే లలిత నవ్వింది. "మరి మీరు ఆ సొట్టది కొన్నారేంటే? డబ్బులు చాల్లేదా?"

అంతే... నాకు ఒళ్లు మండిపోయింది.

"అవును, చాల్లేదు. బండి మాత్రం చాలా బాగుందన్నారు నాన్న. అంతా చూశారు," అన్నాను.

మర్నాడు నాన్న వచ్చేసరికి ఎదురింటి ముందు ఎర్ర వ్యాను, దానికి బంతిపూల దండ. "అయ్యో, ఒక్క మాట అడగాల్సింది కదా..." అని నొచ్చుకున్నారు. కొనేశాక చెప్పి వాళ్ల సంతోషం పాడుచెయ్యడం దేనికని ఊరుకున్నారు. నేనూ ఊరుకున్నాను.

ఆ వ్యాను ఆగిపోలేదు! నెల, రెండు నెలలు, నాలుగు నెలలు... లలిత కర్టెను పక్కకి తీసి నాకు చెయ్యి ఊపేది. నేను లేసు మూటల మీద కూర్చుని వెళ్తూ, "దేవుడా, దాన్ని ఆపెయ్" అని మొక్కుకునేదాన్ని.

దేవుడు విన్నాడు... సరిగ్గా పబ్లిక్ పరీక్షల మొదటి రోజున (అప్పట్లో ఏడో తరగతికీ ఉండేవి). సెంటరు నరసాపురంలో. మా వ్యాను కాలవ గట్టు మీద వెళ్తుంటే దారిలో ఎర్ర వ్యాను. పక్కన అట్ట పట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తూ లలిత. అరగంటగా ఒక్క బస్సూ రాలేదట. నాన్న ఆపి, తలుపు తీసి, దాన్ని నా పక్కన కూర్చోబెట్టారు.

సుబ్బారావు గారు దగ్గరికొచ్చారు. "బండి బాగుందని మీరు చెప్పారంటేనే కొన్నానండి. మీరే ఇలా చేస్తే ఎలాగండీ?"

 నాన్న తల తిప్పి నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను.

"నిజమేనండి... నేనే సరిగ్గా చూడలేదు. క్షమించండి," అన్నారు.

పరీక్ష టైముకే అందుకున్నాం. రాత్రి అన్నం దగ్గర మాత్రం నాన్న అడిగారు. "ఎందుకలా చెప్పావమ్మా?"

"దానికి అన్నీ ఉంటాయి నాన్నా..." అని ఏడ్చేశాను. ఆయన నా కంచంలో పెరుగు వేసి, చెయ్యి కడుక్కోవడానికి లేచారు. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత సుబ్బారావు గారు మా నాన్నని మళ్లీ ఏదీ అడగలేదు. ఆయన్ని చూసి మరి కొందరూ మానేశారు. నాన్న కూడా ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు.

ఇప్పుడు పాత బండి కావాలంటే ఫోనులోనే ఫోటోలు చూసి కొనేస్తున్నాం. ఒకరి మాట మీద కొనే రోజులు పోయాయి. అసూయ మాత్రం ఎక్కడికీ పోలేదు... కాకపోతే అప్పుడు పక్కన కూర్చునే పిల్లని చూసి కుళ్లుకునేవాళ్లం, ఇప్పుడు ముఖ పరిచయమైనా లేని వాళ్ల ఫోటోలు చూసి కుళ్లుకుంటున్నాం. కాదంటారా? మీరూ చిన్నప్పుడు ఎవరిని చూసి ఇలా ఉడుక్కున్నారో కింద రాయండి.

లలితా, నువ్వు నా పోస్టులన్నీ చదువుతావని తెలుసు. ఇది మీ నాన్నగారికి చదివి వినిపించవే... మా నాన్న ఆ బండి సరిగ్గానే చూశారని చెప్పు.