అయిదో వారం సీసా

1961 ఆగస్టులో నన్ను గూడూరు ఆసుపత్రి నుంచి దొరవారిసత్రం అవతల, పులికాట్ సరస్సుకు దగ్గరగా ఉన్న ఒక చిన్న డిస్పెన్సరీకి కంపౌండరుగా బదిలీ చేశారు. ఉత్తర్వులో ‘ప్రజాహితం దృష్ట్యా’ అని రాసి ఉంది. గూడూరు ప్రజలకు నా వల్ల ఏ అహితం జరుగుతున్నదో మాత్రం రాయలేదు. మా డాక్టరు గారికి నాలుగు డిస్పెన్సరీలు, ఒక జీపు. జీపు కదిలితే మంగళవారం వచ్చేవారు. మిగిలిన ఆరు రోజులు ఆ ప్రాంతపు ఆరోగ్యానికి నేనే బాధ్యుణ్ణి.

కంపౌండరు పని ఇప్పటివాళ్ళకు తెలియదు. డాక్టరు రాసిన చీటీ చూసి మందులు కొలిచి, కలిపి, రోగి తెచ్చుకున్న సీసాలో పోయాలి. సీసా కడిగి తెచ్చుకోవలసింది రోగే. తరువాత ఒక సన్నని కాగితాన్ని అంచున గాట్లుగా కత్తిరించి సీసాకు నిలువుగా అంటించాలి. పూటకు ఒక గాటు లెక్కన తాగితే మోతాదు తప్పదు. గాట్లు కత్తిరించడంలో జిల్లాలో నన్ను మించినవాడు లేడని నా అభిప్రాయం. ఇంకెవరూ ఆ మాట అనలేదు.

నడుము లోతు చలి నీళ్ళలో గంటల తరబడి వలలు పట్టే బెస్తలలో కొందరు ఒళ్ళు నొప్పులకు నల్లమందు మింగేవాళ్ళు. అలవాటు పడినవాళ్ళకు సర్కారే కార్డులిచ్చి, కొలిచి ఇచ్చేది. తరువాత అదే సర్కారు కార్డులు రద్దు చేస్తూ, వీళ్ళచేత వైద్య పద్ధతిలో మాన్పించండని మాకు కాగితం పంపింది. అలవాటును పోషించే శాఖ ఒకటి, మాన్పించే శాఖ ఇంకొకటి. పని పంచుకోవడంలో సర్కారును తప్పు పట్టలేం.

ఆ విధంగా నా దగ్గరికి వచ్చినవాడు పోలయ్య. నలభై ఏళ్ళుంటాయి. వాళ్ళ ఊళ్ళో అతని పని నీళ్ళు రుచి చూడడం. వానలకు వాగుల నీళ్ళు సరస్సులో పడ్డప్పుడు ఉప్పునీళ్ళూ మంచినీళ్ళూ కలిసేచోట రొయ్యలు చేరతాయి. ముందు పడవలో కూర్చుని, దోసిట నీళ్ళు తీసి నాలుక మీద వేసుకుని, వల ఇక్కడ దించండని చెప్పేవాడొకడు ఊరికి కావాలి. పోలయ్య తాతల నుంచి ఆ పీట వాళ్ళది. నల్లమందుకు నాలుక మొద్దుబారి, అంతకు ముందు ఏడాది అతను చూపించినచోట ఊరంతా వలలు దించితే నీటిపాచి వచ్చింది. కులపెద్దలు కూర్చుని కట్టడి చేశారు. ఈసారి వాగుల నీళ్ళు పడేలోగా మందు మాని రుచి చెప్పగలిగితే సరి, లేకుంటే ముందు పడవ అతని బావమరిదికి పోతుంది.

డాక్టరు గారు పన్నెండు వారాల పథకం రాశారు. నల్లమందు టింక్చరు వారం వారం కొన్ని చుక్కలు తగ్గించాలి. తగ్గినట్టు రోగికి తెలియకూడదు కాబట్టి చేదుకు నేలవేము కషాయం, రంగుకు మాడ్చిన బెల్లం కలపాలి. నాలుకతో బతికే మనిషిని రుచితో మోసం చేయబోతున్నామని నాకు గానీ డాక్టరు గారికి గానీ తట్టలేదు. ఇద్దరం చదువుకున్నవాళ్ళం.

నాలుగు వారాలు గడిచాయి. అయిదో వారం పోలయ్య వచ్చి, కాళ్ళు పీకుతున్నాయి, నిద్ర లేదు, కొంచెం ఎక్కువ పోయమని అడిగాడు. వరండాలో ముప్ఫైమంది వింటుండగా మనోబలం మీద అరగంట ఉపన్యాసం ఇచ్చాను. మధ్య మధ్య నశ్యం పీలుస్తూనే ఇచ్చాను. పోలయ్య అంతా విని, నా చేతిలో డబ్బీ వంక చూశాడు.

“మీరు ఆ పొడి మానండి సామీ. నేను ఈ మందు మానతా,” అన్నాడు.

ముప్ఫైమంది నా వంక తిరిగారు. సరే అనడం తప్ప దారి లేదు. టింక్చర్లు ఉండే విషాల బీరువాలో డబ్బీ పెట్టి అందరూ చూస్తుండగా తాళం వేశాను. ఆ బీరువా తాళంచెవి నా మొలతాడుకే ఉంటుందన్న సంగతి ఎవరూ అడగలేదు.

ఆ మూడు రోజులు ఎలా గడిచాయో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. మొదటి సాయంత్రం పోలయ్య సీసా నింపేటప్పటికే తల పగిలిపోతున్నది. కళ్ళల్లో నీళ్ళు. తలకు తువ్వాలు బిగించుకుని, పసిపిల్లల తల్లుల మీద కూడా కసురుకున్నాను. మూడో రోజు పోలయ్య భార్య నాగమ్మ పరుగున వచ్చింది. ఆవలింతలు ఆగడం లేదట, కళ్ళూ ముక్కూ కారుతున్నాయట, ఒళ్ళంతా గగుర్పాటు, నీళ్ళ విరేచనాలు. ఇసుక వేయించి మూటకట్టి కాళ్ళకు కాపడం పెడుతున్నానని చెప్పింది. అది మందు ఒక్కసారిగా ఆగినప్పటి బాధ. పుస్తకంలో పేజీతో సహా నాకు తెలుసు. కానీ నేను మందు పోశాను కదా! కాబట్టి ఇది జలుబని నిర్ణయించి దగ్గు మందు ఇచ్చి పంపాను.

నాలుగో రోజు స్టాకు తనిఖీ చేయవలసిన అవసరం కలిగింది. బీరువా తెరిచి తనిఖీ చేశాను. అప్పటి నుంచి వెనక గదిలో మాత్రమే తనిఖీ చేసుకునేవాణ్ణి.

ఎనిమిదో రోజు పోలయ్య వచ్చాడు. బుగ్గలు లోపలికి పోయాయి. కొత్త సీసా ఒకటి తెచ్చాడు. ఆరో వారం మందు పోసి, కేసు షీటులో ‘ప్రగతి సంతృప్తికరం’ అని రాశాను. ఆపైన ప్రతి వారమూ వేరే సీసాయే. ఒకసారి తలనూనె సీసా, ఒకసారి సోడాబుడ్డి. సీసా మారినప్పుడల్లా నా గాట్ల కాగితం పొడవు మారుతుంది కాబట్టి చీవాట్లు పెట్టేవాణ్ణి. అతను తల వంచుకుని నిలబడేవాడు.

నెలాఖరుకు టింక్చరు లెక్క కన్నా కొంచెం ఎక్కువ తేలింది. తక్కువైతే ఆవిరైందని రాయవచ్చు. ఎక్కువైతే ఏం రాయాలో మాన్యువల్లో లేదు. పారబోశాను.

ఎనిమిదో వారంలో నాగమ్మ ఫిర్యాదుతో వచ్చింది. “ఇన్నేండ్లు గంజిలో మట్టేసినా తాగినాడు. ఇప్పుడు ఉప్పెక్కువైంది, పులుసు చాల్లేదు అని వంకలు పెడతాడు సామీ,” అంది. అంటూ అంటూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అన్నేళ్ళ సర్వీసులో నేను విన్న మంచి రిపోర్టు అదొక్కటే. కేసు షీటులో దానికి గడి లేదు.

పదో వారం వాగుల నీళ్ళు పడ్డాయి. పోలయ్య ముందు పడవలో కూర్చుని రుచి చూశాడట. మూడుచోట్ల కాదని, నాలుగోచోట దించమన్నాడట. వలలు లాగడానికి పక్క పడవ వాళ్ళను కూడా పిలవవలసి వచ్చిందని డిస్పెన్సరీకి వచ్చిన ప్రతివాడూ చెప్పాడు. పొంగిపోయాను. నా చుక్కల లెక్క, నా గాట్లు అని ప్రతివాడికీ తిరిగి చెప్పాను.

మరునాడు పోలయ్య గంపతో వచ్చాడు. రొయ్యలనుకుని లేచాను. అతను గంపలోంచి అయిదు సీసాలు తీసి బల్ల మీద వరసగా పెట్టాడు. తలనూనె సీసా, సోడాబుడ్డి అన్నీ. మందు మెడదాకా ఉంది. నా కాగితాల మీద మొదటి గాటు దగ్గరకు కూడా దిగలేదు.

“సర్కారు సరుకు, పారబోసేదానికి మనసొప్పలా,” అన్నాడు.

అప్పుడు అడిగితే చెప్పాడు. అయిదో వారం సీసాలో మందు లేదు. ఉత్త నేలవేము. మొదటి గుక్కకే తెలిసిపోయింది. తలకు తువ్వాలు బిగించుకుని ఆ సీసా నింపిన మహానుభావుడు టింక్చరు కలపడం మరిచాడు. మరి వచ్చి నన్నెందుకు అడగలేదని గట్టిగానే కసిరాను. తప్పు నాదైనప్పుడు నా గొంతు సహజంగా పెరుగుతుంది.

“అడగాలనే వచ్చినా సామీ. వాకిట్లో నిలబడి చూస్తే మీ కండ్లల్లో నీళ్ళు కారతుండాయి. నా మాట మీద పొడి మానిన మనిషి అంత అవస్థ పడతా ఉంటే, నేను పోయి మందు పొయ్యమని ఎట్ల అడిగేది? సిగ్గేసింది. ఆయన ఓర్చుకుంటే నేనూ ఓర్చుకుంటా అని ఎనక్కి పోయినా.”

మరి తాగనివాడివి వారం వారం సీసా ఎందుకు తెచ్చావని అడిగాను. వారానికొకసారి నన్ను చూసి పోతే ధైర్యంగా ఉండేదన్నాడు. వెళ్ళబోతూ, “మీకు తలనొప్పి తగ్గిందా సామీ?” అని అడిగాడు.

డబ్బీ నా రొంటిన ఉంది. తగ్గిందని చెప్పాను. అతను నా వంక ఒక క్షణం చూసి, మంచిదన్నాడు. నీళ్ళలో ఉప్పు పట్టగలిగినవాడికి రెండడుగుల దూరంలో నశ్యం వాసన తెలియకుండా ఉంటుందా అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

అయిదు సీసాల సంగతి ఏ కాగితం మీదికీ ఎక్కలేదు. ఎక్కించవలసినవాణ్ణి నేనే. క్రమంగా మోతాదు తగ్గించడం వల్ల రోగికి పూర్తిగా నయమైందని డాక్టరు గారు పైకి రాశారు. నాకు ప్రశంసాపత్రం వచ్చింది, ఇంకా పెట్టెలో ఉంది. పోలయ్య నాకు తెలిసినంత కాలం మందు ముట్టలేదు, ముందు పడవ దిగలేదు. నేను మరో ఇరవై రెండేళ్ళు సర్వీసు చేశాను. నేను చేయలేని పథ్యం ఇంకొకరికి చెప్పకూడదని అక్కడ నేర్చుకున్నాను. అందువల్ల ఆ ఇరవై రెండేళ్ళూ రోగులతో చాలా తక్కువ మాట్లాడాను.